విక్టోరియన్ విందు టేబుల్, దాని అలంకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలం నాటి డిన్నర్ పార్టీల గురించి రకరకాల వాళ్ళు అడుగుతుంటారు. నాటకం వేసే కాలేజీ పిల్లలు, ఆ కాలం నవలలు చదివేవాళ్ళు, పాత వెండి, గాజు సామాను సేకరించేవాళ్ళు, విదేశాల్లో ఉంటూ ఇంట్లో థీమ్ పార్టీ పెట్టుకోవాలనుకునేవాళ్ళు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి.

విక్టోరియన్ టేబుల్ ఎప్పుడూ ఒకేలా ఉండేదా?

లేదు. విక్టోరియా 1837లో గద్దెనెక్కి 1901లో చనిపోయింది. అరవై ఏళ్ళకు పైగా సాగిన ఆ పాలనలో టేబుల్ పూర్తిగా మారిపోయింది. 1840ల నాటి టేబుల్ నిండా వంటకాల డిష్‌లు, వెండి మూతలు, మధ్యలో బరువైన వెండి దీపస్తంభం ఉండేవి. 1870లకు వచ్చేసరికి వంటకాలు టేబుల్ దిగిపోయి, ఆ చోటంతా పూలు, ఫెర్న్ ఆకులు, గాజు స్టాండ్లు ఆక్రమించాయి. 1890లకు పూల ఎత్తు తగ్గింది. మధ్యలో రంగు పట్టుగుడ్డ పరవడం, కొవ్వొత్తులకు చిన్న షేడ్‌లు తొడగడం ఫ్యాషన్ అయింది.

కాబట్టి మీరు ఏం చేయాలనుకున్నా ముందు దశాబ్దం తేల్చుకోండి. సినిమాల్లో కనిపించే విక్టోరియన్ టేబుళ్ళు చాలావరకు ఈ మూడింటినీ కలిపేసినవే. చూడటానికి బాగానే ఉంటాయి కానీ అలాంటి టేబుల్ దగ్గర నిజంగా ఎవరూ భోంచేయలేదు.

అసలు టేబుల్ మీదికి అన్ని పూలు ఎలా వచ్చాయి?

వడ్డించే పద్ధతి మారడం వల్ల. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే తెలుస్తాయి.

మొదట ఉన్నది ఫ్రెంచి పద్ధతి. సూపు, చేప, మాంసం, కూరలు అన్నీ ఒకేసారి టేబుల్ మీద అటూ ఇటూ సమానంగా పేర్చేవారు. ఇంటాయన తన చివర కూర్చుని మాంసం కోసేవాడు. ఇంటావిడ తన చివర నుంచి సూపు పోసేది. తమ ముందున్న డిష్‌లోంచి అతిథులు ఒకరికొకరు వడ్డించుకునేవారు. టేబుల్‌కి వంటకాలే అందం. పూలు పెట్టడానికి చోటే ఉండేది కాదు. పైగా చివరివాళ్ళ దాకా చేరేసరికి సగం వంటకాలు చల్లారిపోయేవి.

తర్వాత వచ్చింది రష్యన్ పద్ధతి. మాంసం కోయడం పక్కనున్న సైడ్‌బోర్డ్ దగ్గరే జరిగిపోతుంది. నౌకర్లు ఒక్కో వంటకాన్నీ పట్టుకుని, ప్రతి అతిథికీ ఎడమవైపు నుంచి అందిస్తూ వెళ్తారు. మన పెళ్ళి బంతిలో బకెట్ పట్టుకుని వరసగా వడ్డించుకుంటూ పోయినట్టే అనుకోండి. 1810 ప్రాంతంలో పారిస్‌లో ఉన్న రష్యా రాయబారి కురాకిన్ తన విందుల్లో దీన్ని పరిచయం చేశాడని చెబుతారు. ఇంగ్లండ్‌లో బాగా నిలదొక్కుకున్నది మాత్రం 1850లు, 60లు దాటాకే.

ఇలా వంటకాలు వెళ్ళిపోయాక టేబుల్ మధ్యలో బోలెడంత తెల్లగుడ్డ ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీ నింపడానికే పూలు, పళ్ళు, గాజు సామాను వచ్చాయి. డెజర్ట్‌కి పెట్టే పళ్ళు కూడా మొదటి నుంచీ టేబుల్ మీదే ఉండేవి. అతిథులు సూపు తాగుతున్నంతసేపూ ఎదురుగా ద్రాక్షగుత్తులు కనిపిస్తూ ఉండేవన్నమాట.

ఇది అందరికీ కుదిరే పని కాదు. 1861లో పుస్తకంగా వచ్చిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ గ్రంథం కూడా ఆ మాటే చెప్పింది: చిన్న ఇళ్ళకు రష్యన్ పద్ధతి నప్పదు, కోయడానికీ అందించడానికీ చాలామంది నౌకర్లు కావాలి, ప్లేట్లూ ఫోర్కులూ మామూలు ఇంట్లో ఉండేవాటికంటే ఎన్నో ఎక్కువ కావాలి అని.

టేబుల్ మధ్యలో ఏం పెట్టేవారు?

కలిగినవాళ్ళ ఇంట్లో అయితే ఎపర్న్. మధ్యలో ఒక కాండం, దాని నుంచి కొమ్మల్లా చేతులు, చేతుల చివర చిన్న గిన్నెలు. మొదట్లో వెండితో చేసి, గిన్నెల్లో పళ్ళు, మిఠాయిలు పెట్టేవారు. విక్టోరియన్ కాలం గడిచేకొద్దీ గాజు ఎపర్న్‌లు వచ్చాయి. వాటికి గిన్నెల బదులు సన్నాయి ఆకారంలో పూలగొట్టాలు ఉండేవి.

అసలు మలుపు 1861లో వచ్చింది. ఆ ఏడాది లండన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ టేబుల్ అలంకరణకు పోటీ పెట్టింది. థామస్ మార్చ్ అనే ఆయన మొదటి బహుమతి గెలిచాడు. ఆయన తయారు చేయించిన స్టాండ్ చాలా సాదాగా ఉంటుంది. కింద వెడల్పాటి గాజు పళ్ళెం, మధ్యలో సన్నటి గాజు కాడ, పైన ఇంకో చిన్న పళ్ళెం. కింది పళ్ళెంలో, పై పళ్ళెంలో పూలు, ఫెర్న్ ఆకులు. మధ్యలో ఏమీ ఉండదు.

ఆ ఖాళీలోనే ఉంది తెలివంతా. కూర్చున్న మనిషి కంటిచూపు సరిగ్గా ఆ సన్నటి కాడ దగ్గర పడుతుంది. పూలు అయితే చూపుకి కింద, లేకపోతే చూపుకి పైన. ఎదుటి మనిషి ముఖం మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. అంతకుముందు వెండి కట్టడాల వెనక దాక్కున్నట్టు కూర్చునే అతిథులకు ఇది ఎంత హాయిగా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. మార్చ్ స్టాండ్ పేరుతో అది ఏళ్ళ తరబడి అమ్ముడుపోయింది. విక్టోరియన్ అలంకరణలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు ఏదంటే ఇదే చెబుతాను.

అతి చేసినవాళ్ళూ ఉన్నారు. మధ్యలో అద్దం పరిచి, అంచుల్లో నాచు, ఫెర్న్‌లు పేర్చి చెరువులా చేసేవారు. కుండీల్లో పెంచిన ద్రాక్షతీగని గుత్తులతో సహా టేబుల్ మీద పెట్టేవారు. కొందరైతే టేబుల్ చెక్కకీ, పైన గుడ్డకీ రంధ్రం చేయించి, కింద ఉన్న కుండీ కనపడకుండా తాటిజాతి మొక్క గుడ్డలోంచే మొలిచినట్టు నిలబెట్టేవారు. మంచి డమాస్క్, అంటే నేతలోనే పూల డిజైన్ ఉన్న గుడ్డకి రంధ్రం కొట్టడం అప్పట్లో కూడా చాలామందికి మింగుడు పడలేదు.

ఏ పూలు వాడేవారు?

పూల పేర్ల కంటే రెండు నియమాలు ముఖ్యం.

ఒకటి వాసన. ఘాటైన వాసన ఉన్న పూలు డిన్నర్ టేబుల్‌కి పనికిరావు. వంటకం వాసనా పూల వాసనా కలిస్తే తలనొప్పే.

రెండోది రంగు. పగటి వెలుగులో చక్కగా కనిపించే నీలం, ఊదా రంగు పూలు కొవ్వొత్తి వెలుగులోనో గ్యాస్ దీపం కిందో నల్లగా, మాసినట్టు కనిపిస్తాయి. ఆ పసుపు వెలుగులో నీలం పాలు తక్కువ కావడమే కారణం. తెలుపు, గులాబీ, ఎరుపు మాత్రం మెరిసిపోతాయి. అందుకే పెద్ద ఇళ్ళ తోటమాలులు పూలు ఎంచేటప్పుడు రాత్రి వెలుగుని లెక్కలోకి తీసుకునేవారు. కావాలంటే మీ ఇంట్లో లైట్లు ఆర్పేసి, కొవ్వొత్తి పక్కన శంఖుపువ్వునీ గులాబీనీ పెట్టి చూడండి, వెంటనే తెలుస్తుంది.

ఆకుల్లో ఫెర్న్‌దే రాజ్యం. 1850ల నుంచి ఇంగ్లండ్ జనానికి ఫెర్న్ పిచ్చి పట్టింది. అడవుల్లో తిరిగి ఏరడం, గాజు పెట్టెల్లో పెంచడం, కప్పుల మీదా కుర్చీల మీదా ఫెర్న్ బొమ్మలు వేయించడం. మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ కనపడని పూలగుత్తి ఆ రోజుల్లో అరుదు. తర్వాత్తర్వాత సన్నటి తీగల్ని నేరుగా గుడ్డ మీదే మెలికలు తిప్పి పరిచేవారు.

టేబుల్ క్లాత్ ఎలాంటిది? కింద ఇంకేమైనా పరిచేవారా?

పైన తెల్లటి లినెన్ డమాస్క్. తెలుపు మీద తెలుపే నేత, వెలుగు పడినప్పుడు మాత్రమే పూల డిజైన్ కనిపిస్తుంది. దాని కింద దళసరి ఉన్ని గుడ్డ, అంటే బేజ్ లేదా ఫెల్ట్, తప్పనిసరి. అది ఉంటే వేడి ప్లేట్లకి మహాగని చెక్క పాడవదు, గిన్నెల చప్పుడు తగ్గుతుంది, పై గుడ్డ నిండుగా పడుతుంది.

పాతకాలంలో డెజర్ట్‌కి ముందు గుడ్డ తీసేసి, నున్నగా పాలిష్ పెట్టిన చెక్క మీదే పళ్ళు, వైన్ పెట్టేవారు. పూలు టేబుల్ నడుమ స్థిరపడ్డాక గుడ్డ లాగడం కుదరలేదు. దాని బదులు నౌకరు చిన్న బ్రష్‌తో, చేటలాంటి పళ్ళెంతో బ్రెడ్ ముక్కలు ఎత్తేసేవాడు.

నాప్కిన్ మడతలు ఎందుకంత ప్రసిద్ధి? ఒకటి చెప్పగలరా?

పెద్ద నాప్కిన్లకు గట్టిగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే బొమ్మల్లా నిలబడతాయి. విసనకర్ర, గులాబీ, తామర ఇలా ఎన్నో ఆకారాలు. అన్నిటికంటే పేరున్నది బిషప్ టోపీ. మడతలో చిన్న గుండ్రటి బ్రెడ్ దూర్చి ప్లేసు దగ్గర పెట్టేవారు. అతిథి కూర్చోగానే నాప్కిన్ తీసి ఒడిలో వేసుకుని, బ్రెడ్ ఎడమవైపు పెట్టుకోవాలి.

బిషప్ టోపీ మడత ఇదీ. చదరపు నాప్కిన్‌ని సగానికి మడవండి. పై కుడి మూలని కింది అంచు మధ్యకి దించండి. కింది ఎడమ మూలని పై అంచు మధ్యకి ఎత్తండి. ఏటవాలు ఆకారం వస్తుంది. దాన్ని బోర్లా తిప్పి, పొడవైన అంచులు అడ్డంగా వచ్చేలా పెట్టి, కింది సగాన్ని పైకి మడవండి. లోపల ఉండిపోయిన కొసని బయటికి లాగితే రెండు శిఖరాలు కనిపిస్తాయి. ఒక చివరని పక్క శిఖరం మడతలోకి దూర్చి, వెనక్కి తిప్పి రెండో చివరనీ అలాగే దూర్చండి. అడుగుభాగాన్ని వేళ్ళతో గుండ్రంగా తెరిస్తే నిలబడుతుంది. గంజి లేకపోతే మాత్రం నిలబడదు. పాలిస్టర్ గుడ్డతో ప్రయత్నించకండి.

ఒక్కొక్కరి ముందు ఏమేం ఉండేవి?

మనిషికి సుమారు రెండడుగుల చోటు. కుడివైపు రెండు పెద్ద కత్తులు, చేపకి ఒక కత్తి, సూపుకి పెద్ద స్పూన్. ఎడమవైపు రెండు పెద్ద ఫోర్కులు, చేపకి ఒక ఫోర్క్. మధ్యలో నాప్కిన్. కుడివైపు పైన గ్లాసులు. ఇద్దరికి ఒకటి చొప్పునో మనిషికొకటి చొప్పునో చిన్న ఉప్పు గిన్నె. వెండిని ఉప్పు తినేస్తుంది కాబట్టి లోపల నీలం గాజు గిన్నె అమర్చేవారు. డెజర్ట్ కత్తి, ఫోర్క్ ముందుగా పెట్టరు. తర్వాత ప్లేటుతో పాటు వస్తాయి.

పన్నెండు ఫోర్కులు, ఏది ముందు తీయాలో తెలియక టెన్షన్... ఇది నిజమేనా?

ఇంగ్లండ్‌లో మర్యాదగల టేబుల్ మీద ఒకేసారి అన్ని పరచడం పద్ధతి కాదు. బయటి నుంచి లోపలికి తీసుకుంటూ పోతే సరిపోయేది. ఇంకా కావలసినవి ప్లేటుతో పాటు తెచ్చేవారు.

చేపకి వేరే కత్తి ఎందుకు?

అప్పటి కత్తులు మామూలు ఉక్కువి. చేప, దాని మీద పిండే నిమ్మరసం తగిలితే ఉక్కు నల్లబడి, తినేదానికి లోహపు రుచి అంటుకునేది. తుప్పు పట్టని ఉక్కు షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ చేతిలో తయారైంది 1913లో. అప్పటిదాకా వెండి కత్తే దిక్కు. పళ్ళు కోసే కత్తులు కూడా వెండివే అవడానికి కారణం ఇదే.

ఇందులో హోదా గొడవ కూడా ఉంది. చేప కత్తులు విక్టోరియన్ కాలంలో కొత్తగా వచ్చినవి కాబట్టి తాతల నాటి వెండి ఉన్న పాత జమీందారీ ఇళ్ళవాళ్ళు వాటిని కొత్త డబ్బు గుర్తుగా చూసేవారు. వాళ్ళు రెండు ఫోర్కులతోనో, ఒక ఫోర్క్, ఒక బ్రెడ్ ముక్కతోనో చేప తినేవారు.

ఎన్ని గ్లాసులు పెట్టేవారు?

సూపు, చేప వచ్చేటప్పుడు షెర్రీ, హాక్ అనే వైన్లు. ఆ తర్వాత షాంపేన్. చివర్లో క్లారెట్, పోర్ట్ అనే ఎర్ర వైన్లు. దేనికి తగ్గ గ్లాసు దానికి. జర్మన్ వైన్ హాక్‌కి ఆకుపచ్చనిదో ఎర్రనిదో రంగు గాజు గ్లాసు వాడటం ఫ్యాషన్. తెల్లగుడ్డ మీద ఆ రంగు చుక్క భలే అందంగా ఉంటుంది. షాంపేన్‌కి వెడల్పాటి, లోతు తక్కువ గ్లాసు.

గాజు ఇంత విరివిగా రావడానికి ఒక పన్ను రద్దు కారణం. గాజు మీద ఉన్న ఎక్సైజ్ సుంకాన్ని 1845లో ఎత్తేశారు. దాంతో ధరలు పడిపోయాయి.

వెలుతురు ఎలా ఉండేది?

కొవ్వొత్తులు, నూనె దీపాలు. గ్యాస్ ఉన్నా డైనింగ్ రూమ్‌లో దాన్ని ఇష్టపడనివాళ్ళు ఎక్కువ. వేడి, ఉక్కపోత, పైకప్పు మీద మసి, పూలు వాడిపోవడం. కొవ్వొత్తి వెలుగులో గాజు, వెండి తళుక్కుమంటాయి, ముఖాలూ బాగుంటాయి. 1880ల నుంచి కొవ్వొత్తులకు పట్టు లేదా కాగితం షేడ్‌లు తొడిగారు. కొవ్వొత్తి కరిగి వంకరగా మండితే కాగితానికి మంట అంటుకునేది. కాబట్టి నౌకరు ఒక కన్ను వాటి మీద వేసి ఉంచాల్సిందే.

కరెంటు బల్బులు కొద్దిమంది ఇళ్ళలోనే ఉండేవి. నార్తంబర్లాండ్‌లో పారిశ్రామికవేత్త ఆర్మ్‌స్ట్రాంగ్ కట్టుకున్న క్రాగ్‌సైడ్ అనే భవనంలో 1880లోనే నీటి శక్తితో, జోసెఫ్ స్వాన్ కనిపెట్టిన బల్బులు వెలిగాయి.

మెనూ కార్డులు ఎందుకు?

వంటకాలు టేబుల్ మీద కనపడవు కాబట్టి ఏం రాబోతోందో తెలియడానికి. తెలియకపోతే రెండో వంటకానికే కడుపు నింపేసుకుంటారు. సాధారణంగా ఫ్రెంచిలో రాసి, ఇద్దరికి ఒకటి పెట్టేవారు.

చిన్న గిన్నెలో నీళ్ళు తెచ్చేది దేనికి?

డెజర్ట్‌లో పళ్ళు తిన్నాక వేళ్ళు తడుపుకోవడానికి. డెజర్ట్ ప్లేటు మీద లేసు డోయిలీ (గిన్నె కింద వేసే చిన్న అలంకార గుడ్డ), దాని మీద గాజు గిన్నె, అటూ ఇటూ కత్తి, ఫోర్క్. ఇవన్నీ కలిపి ముందు పెడతారు. అతిథి గిన్నెనీ డోయిలీనీ తీసి పక్కన పెట్టుకోవాలి. వేళ్ళ కొసలు మాత్రమే ముంచాలి. కాసేపటికి ఇంటావిడ కళ్ళతో సైగ చేయగానే ఆడవాళ్ళంతా లేచి డ్రాయింగ్ రూమ్‌కి వెళ్తారు. మగవాళ్ళు పోర్ట్‌తో మిగిలిపోతారు.

ఇదంతా మధ్యతరగతికి సాధ్యమయ్యేదా?

సాధ్యం చేసుకున్నారు, కష్టపడి. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ కంపెనీ 1840లో ఎలక్ట్రోప్లేటింగ్ పేటెంట్ తీసుకుంది. చౌక లోహం మీద కరెంటుతో వెండి పూత. వెండి కొనలేని ప్లీడరు, డాక్టరు, గుమాస్తా ఇళ్ళకు కూడా మెరిసే ఫోర్కులు వచ్చాయి. అచ్చు పోసిన గాజుతో సన్నటి పూల తొట్లు వచ్చాయి. నాలుగైదు జోడిస్తే టేబుల్ చుట్టూ పూల అంచు తయారవుతుంది. హ్యాండిల్ తిప్పితే సాగే టేబుళ్ళు వచ్చాయి. మామూలు రోజుల్లో ఆరుగురికి, పార్టీ రోజు పన్నెండు మందికి.

నౌకర్లే సమస్య. ఒక్క పనిమనిషి ఉన్న ఇంట్లో రష్యన్ వడ్డన ఎలా కుదురుతుంది? ఆ సాయంత్రానికి బయటి నుంచి వెయిటర్‌ని కుదుర్చుకునేవారు. చాలాసార్లు అది పొద్దున కూరగాయలు అమ్మిన మనిషే. అప్పటి పత్రికల్లో దీని మీద బోలెడు జోకులు.

ఈ టేబుల్ అందం గురించి మాట్లాడేటప్పుడు దాని వెనక ఉన్న చాకిరీని వదిలేయకూడదని నా అభిప్రాయం. పార్టీ మర్నాడు అంత డమాస్క్ గుడ్డని ఉడకబెట్టి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసింది ఎవరో పదహారేళ్ళ పిల్ల. వెండిని రుద్ది రుద్ది ఆమె చేతులే కాయలు కాశాయి. మనకు మ్యూజియంలో కనిపించే ప్రతి తళుకులోనూ ఆ పిల్ల కష్టం ఉంది.

టేబుల్ కాళ్ళు కనపడితే అసభ్యమని గుడ్డలు కట్టేవారట కదా?

ఇంగ్లండ్ ఇళ్ళలో అలాంటి ఆచారం లేదు. అమెరికాలో ఒక బడిలో పియానో కాళ్ళకి తొడుగులు చూశానని ఇంగ్లీషు రచయిత కెప్టెన్ మారియట్ 1839లో రాసిన ముచ్చట ఇలా పాకింది.

మన వైపు ఈ పద్ధతి జాడలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్ చూడండి. నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన ఆ భవనం తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. అక్కడి డైనింగ్ టేబుల్‌కి 101 మంది కూర్చోవచ్చు. ఇప్పుడది తాజ్ హోటల్. ఆ గదిలో ఒక చివర నిలబడి చూస్తే, ఇంత పొడవు టేబుల్‌కి మధ్యలో అలంకరణ ఎందుకు అవసరమో మాటల్లో చెప్పక్కర్లేదు.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ అనే కంపెనీ వాళ్ళు దేవుళ్ళ బొమ్మలు చెక్కిన స్వామి వెండి సామాను తయారు చేసేవారు. ఆకారం ఇంగ్లీషు టీపాట్‌ది, పనితనం మన కంసాలులది. ఇక రాణిగారి టేబుల్ దగ్గరే వడ్డించడానికి 1887లో భారతీయ సేవకులు వెళ్ళారు. వాళ్ళలో ఒకడు అబ్దుల్ కరీం. రాణిగారి నివాసమైన ఆస్బర్న్ హౌస్‌లో భాయ్ రామ్ సింగ్ డిజైన్ చేసిన దర్బార్ రూమ్ పెద్ద విందుల కోసమే కట్టింది.

మా ఇంట్లో ఎనిమిది మందికి చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

1870లు ఎంచుకోండి, అది తేలిక. మంచి తెల్ల దుప్పటి లాంటి కాటన్ గుడ్డ చాలు, కానీ కింద దళసరి దుప్పటి మర్చిపోవద్దు. మార్చ్ స్టాండ్ కోసం షాపులన్నీ తిరగక్కర్లేదు. రెండంతస్తుల గాజు కేక్ స్టాండ్, మధ్య కాడ సన్నగా ఉన్నది తీసుకుంటే సరి. రెండు అంతస్తుల్లోనూ తడి నాచో స్పాంజో పెట్టి, ఫెర్న్ ఆకులు అంచు దాటి వాలేలా గుచ్చి, తెల్ల చామంతులు, గులాబీలు వేయండి. కింద నల్ల ద్రాక్ష గుత్తులు జారవిడవండి. మల్లెలు, సంపెంగలు వద్దు, వాసన ఎక్కువ.

తర్వాత కుర్చీలో కూర్చుని చూడండి. నిలబడి అమర్చినప్పుడు బాగున్నది కూర్చుంటే అడ్డం వస్తుంది. ఎదుటి కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళూ నోరూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. ట్యూబ్‌లైట్ ఆర్పేసి, ఎనిమిది మందికి కనీసం ఎనిమిది కొవ్వొత్తులు వెలిగించండి. ఫ్యాన్ సంగతి ముందే ఆలోచించుకోండి. ఏసీ లేని ఇల్లయితే డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకోవడం మంచిది.

వడ్డనకి పిల్లల్లో ఇద్దరిని పురమాయించండి. డిష్ ఎడమవైపు నుంచి పట్టుకోవాలని, ఖాళీ ప్లేటు తీసేటప్పుడు చప్పుడు చేయకూడదని ఒకసారి చెబితే వాళ్ళే సంబరంగా చేస్తారు.